తేట

దీన్ని 'పూల్' అంటారు.
పని కుదిరిన రోజు, పూలమొక్కలకు నీళ్ళు పొయ్యాలేమో అనుకున్నా.

వేదాయపాళెంలో ఇంకా పాలబండి తిరగదు.
పొడుగు వలకర్ర పట్టుకుని అంచున నిలబడతా.
రాత్రి రాలిన వేపపూత, రెండు తూనీగలు,
పాపది ఒక జడక్లిప్పు.
ముందు అవి తియ్యాల. తర్వాతే మందు.

ఇస్కపల్లి రొయ్యల గుంటల మీద
పదకొండేళ్ళు మెలిగిన చేతులివి.
అక్కడ నీళ్ళు తేటపడితే గుండె జారేది.
మోచేతి దాకా ముంచి చూస్తే
వేళ్ళు కనపడకూడదు, అప్పుడే నిమ్మళం.
పచ్చరంగు కట్టిందంటే లోపల మేత ఉండాదని.
బెల్లం, తవుడు పులియబెట్టి
డ్రమ్ములకొద్దీ పోసి పిలిచేవాళ్ళం ఆ పచ్చని,
అలిగి పుట్టింటికి పోయినామెని పిలిచినట్టు.

ఇక్కడ ఆ పచ్చే దొంగ.
మెట్టు మూలన గోరంత పాచి కట్టినా
అమ్మగారు కాలు పెట్టరు.
"పోలయ్యా, అడుగున పలకలు లెక్కపెట్టేటట్టుండాల."
లెక్కపెట్టినా. మూడొందల పన్నెండు.
ఒకటి చిట్లి ఉండాది. ఎవరికీ చెప్పలా.

గాజుగొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తా.
అదే కిట్టు, అవే బుల్లి సీసాలు,
ఎండకెత్తి ఒంటికన్నుతో చూసే రంగూ అదే.
ఏడున్నర వస్తే
అక్కడ బతకమని,
ఇక్కడ ఏదీ బతకొద్దని.

క్లోరిన్ పొడి పొద్దు గూకినాకే కలపాల,
పగలు పోస్తే సగం ఎండే తాగేస్తది.
వాన పడితే మళ్ళీ మొదటికి.
చుట్టాలొచ్చి, నూనె తలలతో పిల్లకాయలు దూకితే
మళ్ళీ మొదటికి.
ఫిల్టరు ఇసక వెనక్కి కడిగేటప్పుడు
బుసబుసమని బురద కాలవలోకి పోతాదే,
కాసేపు దాని పక్కన కూచుంటా.

మొన్న తుపాను గాలికి నడిరేయి కరెంటు పోయింది.
మోటారు ఆగిన నిశ్శబ్దానికి
చాప మీంచి లేచి పరిగెత్తినా.
ఆ యేడు గుంట కాడ ఇట్టాగే ఆగింది.
జనరేటరు తాడు లాగీ లాగీ అరచెయ్యి చీలింది.
గాలాడక రొయ్యలన్నీ పైకొచ్చి తిరిగాయి,
తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లగా.
రెడ్డి నన్నేమీ అనలా. అప్పుల కాగితాలు మడిచి
బండెక్కి పోయినాడు.

షెడ్డు నుంచి ఇక్కడికి ఇరవై అడుగులు.
మోకాళ్ళ మీద కూచుని చెవి పెట్టినా.
టప్ మన్న చప్పుడు ఒక్కటి లేదు.
ఇక్కడ చచ్చేదేమీ లేదురా, అని
నాకు నేనే చెప్పుకున్నా.

అయినా టార్చి వేసి
మోచేతి దాకా ముంచినా చెయ్యి.

అయిదు వేళ్ళూ కనపడ్డాయి.