సంచిలో రెండే పడతాయి

ఆషాఢం. ఉరవకొండలో పెళ్లిళ్లు లేవు.
స్టూడియో షట్టరు సగానికి దించి
హొన్నూర్‌వలి అన్న మూడు లెన్సుల్నీ
ఉల్లిగడ్డల్లా ఒక్కొక్కటే చేత్తో తూచి బల్ల మీద పెట్టాడు.
"హగరి దిబ్బలకు పోతాండావు. గాలికెదురు.
సంచిలో రెండే పడతాయి.
ఏది ఇడిసిపెడతావో చెప్పు."

పొడుగుది నాకు అన్నం పెట్టేది.
పందిట్లో ఆ చివర నిలబడి
అప్పగింతల ఏడుపుల్ని దగ్గరికి లాగుతాను దాంతోనే,
ఎవరికీ తెలీకుండా, ఎవర్నీ తాకకుండా.
కేజీన్నర. పొద్దుగూకేసరికి
కుడి భుజం నాది కాదు.

యాభైది చూసింది చూసినట్టే చెప్తుంది,
అందుకే దాన్నెవరూ పెద్దగా మెచ్చుకోరు.

వెడల్పుది పోయినేడు కొన్నాను, ఇంకా కంతులున్నాయి.
ఊరందర్నీ ఒక్క ఫోటోలో కూర్చోబెడుతుంది గానీ
అంచున నిలబడ్డోళ్ల తలలు సాగదీస్తుంది.
పెళ్లికొడుకు మేనమామ ఒకాయన
తన తల చూసుకుని బాకీ ఆపేశాడు.

నేల కోసం కదా పోతున్నది,
నేల సాగినా గొడవకు రాదు.
పొడుగుదాన్ని బియ్యం డబ్బాలో దించి మూత బిగించాను.
తేమే లేని జిల్లాలో మాకదొక ఆచారం.

కణేకల్లు దాటాక ఇసక
రోడ్డుకు అడ్డంగా పాకుతా ఉంది.
బండి ఆపి, మూతికి తువ్వాలు కట్టి ఎక్కాను.
దిబ్బ వెనక దిబ్బ,
చాటలో రాగిపిండి చెరిగినట్టు గాలి గీతలు.
వెడల్పుదాంట్లో చూస్తే
అంత దిబ్బా చీమలపుట్ట.
ఆకాశం మాత్రం పిలవకుండానే వచ్చి
నిండా కూర్చుంది.

అప్పుడు కనిపించింది,
రెండు ఫర్లాంగుల అవతల
ఒక ఎర్ర రవిక, ఒక తుమ్మకంప మోపు,
ఇసకకూ చేనుకూ నడుమ వంగుతా, లేస్తా.
యాభైలో ఆమె కందిగింజంత.
వెడల్పుదాంట్లో ఆమె లేనే లేదు.
బియ్యం డబ్బా గుర్తొచ్చింది.
అదుంటే ఇక్కడ్నుంచే లాగేసేవాణ్ణి,
ఎవరికీ తెలీకుండా.

నడిచాను.
అడుగేస్తే సగం వెనక్కి జారే నడక.
పోయేసరికి ఆమె పని ఆపి
మెడలో కెమెరాను కాదు, నా చేతుల్ని చూసింది.
"ఖాళీగానే ఉండాయి గదా, ఆ కొస పట్టు."

తిప్పక్క. మూడెకరాల శనక్కాయ చేను.
రెండేళ్ల గాలికి ఎకరా కిందికి పోయిందంట.
"పోయిన ఆషాఢంలో కంచె ఈడుండె" అని
పాదంతో తోడింది.
మూరెడు లోతున పాత ముళ్లు,
ఇంకా పదునుగానే.

లెన్సు మార్చింది అక్కడే. మార్చకూడదు.
అన్న వెయ్యిసార్లు చెప్పాడు:
గాలికి వీపు పెట్టు, కెమెరా నోరు నేలకు వంచు.
వీపు గాలికే పెట్టాను.
గాలి చుట్టూ తిరిగొచ్చింది.

యాభైతో ఆమె మణికట్టు తీశాను, గీరుకుపోయిన చోట.
కంచె కింద కంచె తీశాను.
ఆకాశం పట్టలేదు, పట్టనీలేదు.

శ్రావణంలో వజ్రకరూరు పెళ్లి.
ఆరుబయట తీసిన ప్రతి గ్రూపు ఫోటోలో
కుడి మూల, పందిరికి పైన, ఒక నల్లచుక్క.
నూటనలభై ఫోటోల్లో ఒక్కొక్కటే తుడుస్తా
అన్న నన్ను తిట్టని తిట్టు తిట్టలేదు.
"ఏందిరా ఇది?"
ఎకరా చేను అందామనుకున్నా.
"ఇసకన్నా" అన్నాను.

ఒక్కదాంట్లో మర్చిపోయాడు.
ఆల్బమ్ అచ్చయి పెళ్లోళ్ల ఇంటికి పోయింది.
ముప్పైనాలుగో పేజీ,
పెళ్లికూతురి చిన్నమ్మ కొప్పుకు జానెడు పైన.