రెండో మెట్టు

శనివారం రాత్రి, చీమకుర్తి.
గ్యాంగ్‌సా ఆగదు, విశ్రాంతి దినానికి కూడా.
రామతీర్థం వైపు నుంచి లారీలు
నల్ల దిమ్మెల్ని మోసుకుంటూ మూలుగుతూ దిగుతుంటాయి.
మందిరం రేకుల కింద
గిటారు ఒళ్ళో పెట్టుకుని
పన్నెండు తీగలకి చెవి అప్పగించి కూర్చున్నాను.

ఆరు జతలు.
రెండు జతలు కవలలు, ఒకే మాట ఇద్దరూ అంటారు.
మిగతా నాలుగూ అట్లా కాదు.
లావుపాటి అన్న పక్కన సన్నపాటి చెల్లెలు,
అన్న మంద్రంలో అన్నది
చెల్లెలు పైస్థాయిలో అంటుంది.
మూడో జతలో చెల్లెలు మరీ వెంట్రుకంత.
ముందు తెగేది అదే.
ఒంగోల్లో దొరకదు. నెల్లూరు ట్రంకురోడ్డులో ఒకాయన
నాలుగు తెప్పించి పెడతాడు,
అందులో రెండు తుప్పు.

ఇక కేపో.
బిగిస్తే అన్న రబ్బరుని పైకెత్తుతాడు,
కింద చెల్లెలికి నొక్కు చాలక జివ్వుమంటుంది.
చెల్లెలి కోసం ఇంకాస్త బిగిస్తే
అన్న సాగిపోయి శ్రుతి దాటుతాడు.
ఇద్దరికీ సరిపోయే బిగింపు
ఉందంటే ఉంది, లేదంటే లేదు.

నతానియేలు మాస్టారు చెప్పేవాడు, బీడీ ఆర్పకుండానే:
"మెట్టు మీద కాదబ్బయ్యా, మెట్టుకి ఎనకాల,
గోరంత దూరం.
తీగ పలికేదాకా బిగించు, అక్కడ చెయ్యి తీసెయ్.
పలికినాక కూడా బిగిస్తావే,
చెడేదంతా ఆడే.
ముందు కట్టిన శ్రుతి కేపో ఏసినాక చెల్లదు,
ఏసినాకే కట్టుకో.
ఎక్కువైందా, బాగా దించు,
కిందనుంచి మళ్ళా ఎక్కు."
ఎముక పట్టీ గాడుల్లో పెన్సిలు ముల్లు గీకి
ఆ నల్లపొడి మీద తీగలు జారేట్టు చేసేవాడు.
ఇంకోటి కూడా చెప్పాడు, నేనే వినలేదు:
"పన్నెండు తీగల లాగుడు ఆ మెడ ఎన్నాళ్ళు మోస్తది?
అన్నిట్నీ ఒక స్వరం దించి కట్టరా."
దించడమేంటి, నాకు పాతికేళ్ళప్పుడు!

కెజియమ్మత్తకి కేపో అయిదో మెట్టులో ఉండేది.
అయిదులో పాడితే రేకులు వణికేవి.
ఫ్యాక్టరీలో పాలిష్ లైను దగ్గర పని ఆమెకి,
మిషను మోత విని చెబుతుంది
ఏ బిళ్ళ అరిగిందో.
ఆ దుమ్మూ ఆ తడీ పాతికేళ్ళు మింగిన గొంతు.
ఒక ఆదివారం చరణం మధ్యలో ఆగి
"చలి చేసింది" అంది.
అది రోహిణికార్తె.
పై వారం నాలుగులో పెట్టాను. ఆమె చూసింది.
మరుసటేడు మూడు. చూసింది.
గొంతు ఆపరేషను అయ్యాక రెండు.
కేపో దిగినప్పుడల్లా
పాట మొదలుపెట్టే ముందు
చీర కొంగు ఒకసారి సర్దుకునేది.

మొన్న బుధవారం అభ్యాసంలో రెండు కూడా అందలేదు.
ఇక తీసెయ్యాలి.
తీసేస్తే ఆమెకి కనపడుద్ది
ఖాళీ మెడ.

అందుకని ఈ రాత్రి
పన్నెండు మరలూ ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతున్నాను.
మొత్తం ఒక స్వరం కిందికి.
ఒకటి దించితే పక్కది ఎక్కుతుంది,
దాన్ని సర్దేలోపు మొదటిది మాట మారుస్తుంది.
మూడుసార్లు చుట్టి వచ్చాను.
మెడ లోపలెక్కడో కర్ర చిన్నగా టక్కుమంది,
బస్తా దించుకున్న మనిషి నడుములాగ.
అప్పుడు కేపో తీసుకెళ్ళి
రెండో మెట్టు వెనక, గోరంత దూరంలో, పెట్టాను.
కేపోకీ పట్టీకీ మధ్య తీగల్ని బొటనవేలితో అదిమి,
వదిలి, మళ్ళీ విని, మళ్ళీ కట్టాను.
గ్యాంగ్‌సాకి తెల్లవారింది. నాకూ.

ఆమె వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని చూసింది.
"రెండులోనే ఉండాదే!"
"రెండులోనే అత్తా."
పాడింది. రేకులు వణకలేదు గానీ
వెనక వరసలో పసిబిడ్డ పాలు తాగడం ఆపి విన్నది.

పాటయ్యాక నా పక్కనించి పోతా
కొంగు సర్దుకోలేదు.
వంగి, మూడో జత మీద వేలుపెట్టి
మెల్లగా అంది:
"కేపో కింద ఈ సన్నది కాస్త ఎక్కింది, చూసుకో.
పూర్తిగా దిగలా."