గాలి పాళ్ళు

చీమకుర్తిలో గాలిని కూడా జల్లెడ పట్టి పీల్చాలి.
యెహోషువ జెన్ బండి ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపితే
గచ్చు మీద చిన్న గెలాక్సీ రాలింది:
నల్ల పొడి, మధ్యమధ్య మినుకులు.

క్వారీలో డ్రిల్లు పట్టే మనిషి.
పాత బండికి కొత్త దమ్ము కావాలని
ఒంగోల్లో ఎవరి మాటో విని పెద్ద ఇంజెక్టర్లు బిగించుకున్నాడు.
అప్పట్నుంచీ అది పెట్రోలు తాగటంలా,
కక్కుతోంది.
ప్లగ్గు తీస్తే లాంతరు చిమ్నీలో మసి.
"ఎట్టన్నా చెయ్యి మేస్త్రీ, మా ఆవిడ ఎక్కనంటోంది."

అందుకే ఈ డబ్బా.
నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత,
కోయంబత్తూరు నుంచి పార్సిల్లో వచ్చింది.
ఇంజెక్టరు తీగలు తెంచి మధ్యలో కూర్చోబెట్టాలి.
కంప్యూటరు ఒక మాటంటుంది,
ఇది విని, కాస్త తగ్గించి, ఇంజనుకు చేరేస్తుంది,
అత్త మాటను కోడలికి మెత్తగా మోసే ఆడబిడ్డలాగా.
అట్టాంటి ఆడబిడ్డ యాడన్నా ఉంటే.

తెంచబోతే చెయ్యి ఆగింది.
ముప్పై ఏళ్ళు తెగినవి అతికిన చెయ్యి,
బాగున్న తీగ తెంచటం దానికి తెలీదు.
టంకం పొగ కళ్ళల్లోకి.
ఎర్రది కీ లైనుకి. నల్లది బాడీకి,
పెయింటు గీకి, ఇనుము తెల్లగా నవ్విందాకా గీకి.
ఎర్తు లేని బండీ మాట మీద నిలబడని మనిషీ ఒకటే,
ట్యూనింగుకు లొంగరు,
అనేవాడు సిలార్ మేస్త్రి.

ఆయన కార్బురేటరు స్క్రూ తిప్పుతా
కళ్ళు మూసుకునేవాడు.
పావు తిప్పు. వినేవాడు. అరపావు వెనక్కి.
ఆయన నాకిచ్చిపోయింది ఆ వినికిడే.
కుడి చెవిది మాత్రం పన్నెండేళ్ళు
క్వారీ కంప్రెసర్ల పక్కన ఖర్చయిపోయింది.
ఎవరికీ చెప్పలా.
చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవరు తెస్తారు?

రాత్రి పదకొండు. పొదిలి రోడ్డు.
రాయి లారీలు పడుకున్నాయి.
స్టీరింగు నేను. పక్కన నాగూర్బీ, ఒళ్ళో లాప్‌టాప్.
పాలిటెక్నిక్ రెండో ఏడు, సెలవులకు నా షెడ్డు.
వెనక యెహోషువ, ఆపరేషను గది బయట కూర్చున్నట్టు.
సైలెన్సరు గొట్టానికి వెల్డు చేసిన సెన్సరు
పొగ వాసన చూసి అంకె చెబుతుంది.
"పదకొండున్నర. ఇంకా చిక్కగానే ఉంది బాబాయ్."
ఆ గడిలో పన్నెండు తగ్గించు.
"పదమూడు."
ఇంకో పది.
"పద్నాలుగున్నర."
ఒక పాలు పెట్రోలుకు పద్నాలుగు పాళ్ళు పైచిలుకు గాలి.
గడి తర్వాత గడి,
పొగాకు మొక్క నాటినట్టు వంగి వంగి అంకె పెడతా ఆ పిల్ల.
రామతీర్థం మలుపు వచ్చేసరికి
బండి దగ్గటం మానేసింది.

అప్పుడు నిండా తొక్కా.
నాలుగు వేలు. "పదమూడున్నర. బాగుంది" అంది.
తెర మీద అంతా పచ్చగా ఉందంట.
నా మడమలోకి మాత్రం పెడలు మీంచి ఏదో పాకింది,
ఇత్తడి బిందెలో గోళీలు.
"వినపడిందా?"
"లేదే."

ఈసారి యెహోషువను తోలమన్నా.
ఎడమ సీట్లో వంగి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన
ఇంజను వెనక రేకుకు ఆనించి
పిడి పళ్ళతో కరిచా.
గుంటొస్తే పన్ను పోద్ది, తెలుసు.
దవడ ఎముకలోంచి వచ్చాయి గోళీలు, ఒక్కోటి లెక్కపెట్టేట్టు.
తీసి చెప్పా: నాలుగు వేల వరసకు అయిదు కలుపు.

వెనక నుంచి ఏదో అన్నదంట. నేను పలకలా.
మళ్ళీ అన్నదంట.
వైరు చుట్టుకుంటా సీటు మీద ఎడమకు జరిగి,
తలుపుకీ నా సీటుకీ మధ్య సందులోంచి
మెల్లిగా
"పన్నెండు పాయింట్ ఎనిమిది" అంది.
గోళీలు లేవు.

పొద్దున ప్లగ్గు విప్పితే
వేరుశనక్కాయ పొట్టు రంగు.
యెహోషువ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి
నూరు తక్కువిచ్చి, ఆదివారం చర్చి అయ్యాక ఇస్తానన్నాడు.
క్వారీలో పేలుడు సైరను, నాకు సగమే.
టీ వచ్చింది.
నాగూర్బీ నా కుడిపక్కనే ఉంది, చెయ్యి చాపితే అందేంత.
జాకీని దాటి, టైర్ల కుప్ప చుట్టూ తిరిగి
ఇటు నడిచొచ్చి
ఎడమ పక్కన నిలబడి
పిలిచింది.