కొలతల పుస్తకం

ముప్ఫై ఒక్క సీజన్లు.
స్టేడియం అడుగున, బాయిలర్ గదిని ఆనుకుని
కిటికీ లేని కొట్టులో నా మిషను.
పైన డెబ్బై వేలమంది ఒక్కసారి లేచారంటే
దారపు కండెలు పెట్టెలో గలగలమంటాయి.
టచ్‌డౌన్ అయిందని నాకు అలా తెలుస్తుంది.
ఆట చూసింది తక్కువ.

పుస్తకంలో గళ్ళు నేనే గీసుకున్నాను:
ఛాతీ, నడుము, తుంటి, అంచు మోకాలికి ఎంత పైన.
చివరి గడి బరువు.
అది నేను గీసింది కాదు, ఆఫీసువాళ్ళు గీయించింది.
గుమ్మం పక్కన తూకం యంత్రం.
ప్రతి గురువారం డాన్సు పిల్లలు బూట్లు విప్పి
చెవిపోగులు సైతం తీసి నా అరచేతిలో పోసి
ఊపిరి వదిలేసి ఎక్కేవాళ్ళు,
గాలికీ లెక్క కడతారేమో అన్నట్టు.

ఈ ఏప్రిల్లో వచ్చాడు ఇషామ్ ప్రూయిట్.
టైర్ల షాపులో పని. గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు.
"మిస్ హెల్కా, చేతులు ఎత్తమంటారా, దించమంటారా?"
మీసం కింద బిడియం.
పాత అట్టలన్నీ తిరగేశాను.
ఒక్కటీ ఆ వీపుకి చాల్లేదు.
ఈ గదిలో నేను ఎన్నడూ కత్తిరించని భుజం అది.
నోట్లో గుండుసూదులు, కొత్త అట్ట, సుద్దముక్క.
మొదటి గీత కాస్త వంకర పోయింది.
వయసు అనుకోండి.

ఛాతీ నలభై రెండు. నడుము ముప్ఫై.
స్కర్టు అన్న చోట కొట్టేసి ప్యాంటు అని రాశాను.
తళుకు బిళ్ళలు కుట్టనా, వద్దా అంటే
"వాళ్ళకి ఎన్నో నాకూ అన్నే" అన్నాడు.
లెక్కపెట్టి కుట్టాను. నాలుగు వందల పన్నెండు.

తూకం దగ్గరే వచ్చింది పేచీ.
అతని వంతు రాగానే మేనేజరమ్మ కాగితం తిప్పేసింది:
"నీకు అక్కర్లేదులే, దిగు."
అతను దిగలేదు.
యంత్రం మీద అలాగే నిలబడి,
ముల్లు ఎంత చూపిస్తోందో కూడా చూడకుండా
వెనక్కి తిరిగి వరస వంక చూశాడు.
వరసలో ముందున్నది రొవీనా హాల్వర్సన్.
తొమ్మిదో ఏడు ఆమెకి ఈ జట్టులో.
ఒకసారి అర పౌను ఎక్కువైందని
మూడు ఆటలు బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి.
అప్పటికే ఒక బూటు విప్పింది.
మళ్ళీ తొడుక్కుంది. లేసు ముడేసింది, రెండు ముళ్ళు.
పక్క పిల్ల. ఆ పక్క పిల్ల.
ఎవరూ నోరు తెరవలేదు.
లేసులు బిగిసే చప్పుడు ఎంతుంటుందో
ఆ రోజే విన్నాను.

తర్వాతి గురువారానికి యంత్రం లేదు.
దాని నాలుగు కాళ్ళ మరకలు నేలమీద ఉన్నాయి.
తుడుపుగుడ్డతో రెండుసార్లు చూశాను, పోలేదు.

సెప్టెంబరు. మొదటి ఆట.
పై మెట్ల మీంచి ఒకడు అరిచిన మాట
మెట్లు దిగి, నడవా దాటి, నా కొట్టు దాకా వచ్చింది.
ఇక్కడ రాయను.
రెండో క్వార్టర్లో ఇషామే వచ్చాడు పరుగున,
చేయి పైకెత్తే ఉంచి.
చంక కింద జానెడు చిరుగు.
నాకు నవ్వొచ్చింది. తిట్టానేమో అనుకుని బిక్కమొహం వేశాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరు చేయెత్తినా
చిరిగేది అక్కడే నాయనా.

విప్పే టైం లేదు. ఒంటిమీదే కుట్టాలి.
అలా కుట్టేటప్పుడు దారప్పోగు పళ్ళ మధ్య పట్టుకోవాలి,
లేకపోతే బట్టతో పాటు తెలివీ కుట్టుకుపోతుందని
క్రాకోవ్‌లో మా అమ్మమ్మ అనేది.
అతనికీ ఇచ్చాను, జానెడు ఎర్రదారం.
ఎందుకని అడగలేదు. కరుచుకున్నాడు.
ముడి తెంపీ తెంపకముందే పరుగు,
దారం ఇంకా పెదవి మీంచి వేలాడుతూనే.

కాసేపటికి కండెలు గలగలమన్నాయి.
టచ్‌డౌనే అయుంటుంది.

పుస్తకం తెరిచాను.
చివరి గడి అందరికీ ఖాళీ.
అందులో రాస్తున్నాను ఇప్పుడు,
రొవీనా మొదలు ఇషామ్ దాకా, ఒక్కొక్కరి పేరు ఎదుట:
చంక కింద రెండు వరసల కుట్టు.