కంచుగద్ద, ఫస్ట్ షో

సినిమా బాగలేదని చెప్పలేను.
బాగుందని చెబుదామంటే
పక్క సీట్లో దస్తగిరి మామ ఉన్నాడు.

కొండారెడ్డి బురుజు వెనక సందులో
పావలాకి బొమ్మల పుస్తకం అద్దెకిచ్చిన మనిషి.
చూరుకి తాడు కట్టి బట్టలారేసినట్టు ఆరేసేవాడు,
గాలికి కంచుగద్ద ముప్పై రెండు పేజీలూ టపటపలాడేవి.
కింద నాపరాయి బండ మీద మేము.
"ఈడ చదివితే పావలా, ఇంటికి తీసుకపోతే అర్ధరూపాయి,
ఉమ్ము తడిచేసి పేజీ తిప్పితే వీపు పగుల్తాది."

ఇప్పుడా గద్దే
తెర ఈ చివర నుంచి ఆ చివరికి రెక్క చాపింది.
నిజం చెప్పాల, ఒళ్ళు జలదరించింది.
మొదటిసారి ఎగిరేటప్పుడు పాట లేదు, డప్పుల్లేవు,
తడి దుప్పటి దులిపిన చప్పుడొకటి, అంతే.
ముసుగు తీసినాక ముక్కు మీద పట్టీ నొక్కిన గాడిని
ఎవరు గుర్తుంచుకున్నారో గాని, వాళ్ళకు దండం.
చిరిగిన రెక్కను వంటింట్లో కూర్చొని తనే కుట్టుకుంటాడు,
దారం పంటితో కొరుకుతాడు.
అది పుస్తకంలో లేదు. ఉండాల్సింది.

విలన్‌కి కోపం ఉంది, కారణం లేదు.
హీరోయిన్‌కి కారణం ఉంది, మాటల్లేవు.
ఇంటర్వెల్ తర్వాత మేడలు కూలతానే ఉన్నాయి, కూలతానే ఉన్నాయి,
ఆ మేడల్లో పొయ్యి మీద పాలు పెట్టినోళ్ళెవరో
కెమెరా ఒక్కసారీ వంగి చూడలేదు.

"బరువు లేదబ్బా," అన్నాడు మామ,
ఆపరేషనైన కంటి మీద త్రీడీ అద్దాలు సవరించుకుంటా.
"మన గద్ద వాలితే రేకుల కప్పు సొట్ట పోయేది.
వీడు వాలితే దుమ్ము గూడా అడిగి లేస్తాంది."

పుస్తకంలో ఒక గడిలో మిద్దె అంచున నిలబడేవాడు,
పక్క గడిలో అవతలి మిద్దె మీద.
నడుమ సన్నని తెల్లగీత.
ఆ గీతలో ఎగిరింది మేమే,
నేనూ, ఖాజా, పిండిమర మద్దిలేటి చెల్లెలు సుంకులమ్మ.
కోట్లు పోసి ఆ గీతను పూడ్చేసినారు.

ఆఖర్న వరదొచ్చింది.
కంచుగద్ద ఆనకట్టకు భుజం ఆనించి ఏటిని ఆపుతున్నాడు.
నీళ్ళు నీలంగా, శుభ్రంగా, సీసాలో పట్టుకోవచ్చు.
వేరే ఊళ్ళో ఈలలు పడుంటాయి.
మా హాల్లో ఎవరూ కదల్లేదు.
జోహరాపురం వాళ్ళున్నారు, బుధవారపేట వాళ్ళున్నారు,
ఆ అక్టోబరులో తుంగభద్రా హంద్రీ ఒకటై ఇంట్లోకొస్తే
మిద్దెల మీద రాత్రుళ్ళు కూర్చున్నవాళ్ళు.
వరద ఏ రంగో మాకు తెలుసు.
డీజిలూ, చచ్చిన బర్రే, నానిన బియ్యమూ కలిసిన వాసన.
ముందు వరసలో ఎవరో ముసలామె మెల్లగా అనింది:
"అప్పుడు యాడికి పోయినావురా నాయనా."
ఆ సినిమాలో అంత మంచి మాట
రాసినోళ్ళెవరూ రాయలేదు.

మామ కొట్లో పదకొండు వందల పుస్తకాలు
ఆ వారం ముద్దయినాయి. పారతో ఎత్తిపోసినాడు.
ఏడో సంచిక ఒక్కటి మిగిలింది, నా దగ్గర,
ఇరవై ఏండ్లుగా తిరిగియ్యనందుకు.
దానికి చివరి పేజీ లేదు.
గద్ద బావిలో పడినాక ఏమైందని అడిగితే
మామ ఖాజాకొక ముగింపు చెప్పేవాడు, నాకొకటి,
ఏడుస్తాందని సుంకులమ్మకు ఇంకొకటి.
సినిమాలో ఒకటే.
అదీ రెండో భాగంలో చూడాలంట.

బయట అద్దాలు తొట్లో వేసి
సోడా తాగుతా అడిగినా:
"అసలా పేజీలో ఏముండె మామా?"
"నాకేం తెలుసు? ఆదోని సంతలో కొన్నప్పుడే లేదు.
అందుకే సగం ధరకిచ్చినాడు."
సీసాలో గోళీ గలగలమనింది.
మూతి తుడుచుకోని నా వైపు చూసినాడు.
"దినానికి అర్ధరూపాయి," అన్నాడు,
"లెక్క వేసుకో."