నిండుగానా, ఖాళీగానా

కుతైసీలో, రియోనీ వంతెన దిగాక మూడో రేకుల షెడ్డు నాది.
మార్చి ఆఖరు. గోడవారన మంచు నల్లబడి ఇంకా ఉంది.
జుంబర్ డెలికా వ్యాను మలుపు తిరక్కముందే
దాని మూలుగు వినబడింది.

వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాను.
మంచి బండి ఒక్కసారి లేచి కుదుటపడుతుంది.
ఇది లేచింది, పడింది, మళ్ళీ లేచింది.
చెప్పిందే చెప్పే తాగుబోతులా
నాలుగోసారికి గానీ ఊరుకోలేదు.

కింద దూరి చూస్తే
షాకబ్జార్బర్లు రెండూ నూనె కక్కి
దుమ్ము పట్టి బొచ్చు మొలిచినట్టున్నాయి.
ఎడమ స్ప్రింగు ఆఖరి చుట్టు విరిగి
ముక్క గిన్నెలోనే పడి ఉంది.

"ఆ విరిగిందొక్కటే మార్చు" అన్నాడు.
ఒక్కటి మార్చను. ఎవరికీ మార్చలేదు.
"అయితే గట్టివి వెయ్యి. నీ దగ్గరున్న వాటిలోకెల్లా గట్టివి.
ఇరవై నాలుగు తేనెపెట్టెలతో రాచా కొండ ఎక్కాలి."

గట్టిదే మంచిదని అందరి నమ్మకం.
స్ప్రింగుకి తెలిసింది మోయడమే.
తిన్న ప్రతి దెబ్బనీ దాచుకుని తిరిగి విసురుతుంది.
ఆ విసురుని పట్టుకుని
సన్నని రంధ్రాల్లోంచి నూనెని నెట్టి
వేడి చేసి గాలికి వదిలేసేది పక్కనున్న గొట్టం.
ఒకదానిది జ్ఞాపకం, ఒకదానిది మరపు.
మరపు చాలకపోతే బండి ఎగురుతూనే ఉంటుంది.
మరీ ఎక్కువైతే, నొక్కుకుపోయిన స్ప్రింగు
తిరిగి సాగేలోపే ఇంకో గుంట వస్తుంది, ఆపైన ఇంకోటి,
అలా అలా కుంగిపోతుంది, చప్పుడు లేకుండా.
గంతకు తగ్గ బొంత అని నవ్వేస్తాం గానీ
ఆ తగ్గడం మిల్లీమీటర్లలో ఉంటుంది.

మా బచూకీ దీన్ని పెళ్లితో పోలుస్తాడు.
వాడికింకా పెళ్లి కాలేదు.

కొలతలు రాసుకునే అట్టముక్క తీసి అడిగాను:
"ఏడాదిలో ఎక్కువ రోజులు ఎలా తిరుగుతావు?
నిండుగానా, ఖాళీగానా?"

"నిండుగా" అన్నాడు వెంటనే.
మరీ వెంటనే.

స్పేర్ టైరు దించుదామని వెనక తలుపు తీశాను.
మైనం వాసన. పెట్టెలు బిగించే పట్టీలు
ముడి విప్పని కట్టగా మూలనున్నాయి.
నేల మీది గాడి పొడుగునా ఎండిన ఈగలు,
ఊకలా, గుప్పిళ్ళకొద్దీ.
ఒక్క చలికాలానికి ఇన్ని రాలవు.
నేనేమీ అనలేదు.
సిగరెట్టు వెలిగించుకుంటానని జుంబర్ నది వైపు నడిచాడు.
అగ్గిపెట్టె నా బల్ల మీదే ఉంది.

అలమరలో రెండు జతలున్నాయి.
పద్నాలుగు మిల్లీమీటర్ల తీగది, అతను అడిగినది.
పన్నెండుది, పోలండు నుంచి వచ్చింది, డబ్బా మూల చితికింది.
ఖాళీ బండికి పద్నాలుగు వేస్తే
ప్రతి గులకరాయీ వెన్నుపూసలు లెక్కపెడుతుంది,
దాన్ని ఆపలేక కొత్త గొట్టాలూ
ఏడాది తిరక్కుండా నూనె కక్కుతాయి.

పన్నెండు తీశాను.
దానికి సరిపడే షాకబ్జార్బర్ల జత, కొత్త రబ్బర్లతో.
స్ప్రింగు చుట్ల నడుమ, చెరో పక్కా,
ఒక చిన్న రబ్బరు తిత్తి దూర్చాను.
సన్నని పైపు బంపరు కిందికి లాగి వాల్వు పెట్టాను.
గాడిలోవి ఊడ్చలేదు. అవి నావి కావు.

బిల్లు రెండుసార్లు చదివాడు.
"పద్నాలుగు అన్నానుగా, నార్గిజా."
"బరువున్న రోజు గాలి కొట్టుకో, పద్నాలుగవుతుంది.
లేని రోజు వదిలెయ్."
"లేని రోజు" అని తనలో తనే అనుకున్నాడు.
తర్వాత వంగి, వాల్వు మూత తిప్పి తీసి,
మళ్ళీ బిగించి, మళ్ళీ తీసి చూసుకున్నాడు.
"ఎంత దాకా పడుతుంది గాలి?"
"పెట్టెలు ఎన్నుంటే అంత."

డబ్బులు సగం ఇచ్చాడు. మిగతావి మేలో అన్నాడు.
వంతెన మొదట్లో ఇనుప అతుకు ఒకటుంది,
ఊళ్ళో ప్రతి బండినీ తన్నుతుంది.
చేతులు తుడుచుకుంటూ నిలబడి చూశాను.
లేచింది.
ఒక్కసారే.