ఎత్తిపెట్టుకో

పత్తి మార్కెట్ వెనక, రెండో అంతస్తులో
ఫ్యాను ఆపి రికార్డు నొక్కుతాను.
గొంతులో దూది నుసి.

"మౌసంటే ఎలుక, ఉరుకుందమ్మా, కరవదులే"
అని చదివితే ఆమె నవ్వలేదు.
ఆ ముక్క కోసేశాను.
"ఇక్కడ నొక్కు" అని ఎర్రబాణం గీస్తే
తెరమీదే వేలు పెట్టి నొక్కింది.
తప్పు బాణానిదే.
కింద మౌసూ, మౌసు మీద చెయ్యీ గీశాను.
ఉర్దూ అక్షరాలు కుడినుంచి నడిచొచ్చి
ఆ బాణాన్నే గుద్దుకున్నాయి.
కన్నడం తలకట్లు సర్దేసరికి
ఆదోని మీద పొద్దు వాలింది.

సేవ్ దగ్గర మాత్రం చిక్కుకుపోయాను.
'భద్రపరచుము' అంటే "బ్యాంకులోనా?" అంది.
మరి కాటా చీటీని ఏం చేస్తావు?
"ఎత్తిపెట్టుకుంటా."
బసలింగమ్మ "ఎత్తిడ్తీని" అంది.
జైబున్ "ఉఠాకే రఖ్నా" అంది.
ముగ్గురి చేతులూ ఒక్కసారే లేచాయి
ఆ గదిలో లేని అటక మీదికి.

ఫ్లాపీ బొమ్మ ఏమిటో వాళ్ళకు తెలీదు,
నిజం ఫ్లాపీని నేనూ చూడలేదు.
దాని పక్కన ఆ మూడు చేతుల్నీ అతికించి
కింద మూడు లిపుల్లో ఆ ఒక్క మాటే రాస్తున్నాను,

కరెంటు పోయింది.

చీకట్లో ఉరుకుందమ్మ అడిగింది:
"ఎత్తిపెట్టుకున్న్యావా, మేడం?"
లేదు.
అప్పుడు నవ్వింది.